చంకలో బిళ్ళ కట్టింది, పిల్లిని పంపేయాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా పాపకు 11 ఏళ్లు. రథయాత్ర రోజుల్లో బియ్యం మిల్లు వెనక దొరికిన పిల్లిపిల్లను ఇంటికి తెచ్చుకుంది. వినాయక చవితి నాడు ఉండ్రాళ్ల పళ్లెం దగ్గరికి వచ్చిందని దాన్ని ఎత్తబోతే పాప కుడి ముంజేతి మీద గీరింది. కొద్దిగా రక్తం వచ్చింది. పసుపు అద్ది ఊరుకున్నాం. పన్నెండు రోజుల తర్వాత అదే వైపు చంకలో ఉసిరికాయంత బిళ్ళ కట్టింది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది. ఆసుపత్రిలో చూపిస్తే అయిదు రోజులకు మందులిచ్చి, తగ్గకపోతే టీబీ పరీక్ష చేయిద్దామన్నారు. ఇది జరిగి వారమైంది, బిళ్ళ అలాగే ఉంది. పక్కింటావిడ ఇది బోదకాలుకు మొదలంటోంది. మా అత్తగారేమో పిల్లి వెంట్రుకలు కడుపులోకి పోయాయి, దాన్ని గోనెసంచిలో కట్టి మహేంద్రతనయ అవతల వదిలి రమ్మంటున్నారు. ఆవిడకు షుగరు ఉంది. విచిత్రమేమిటంటే రాత్రిళ్లు ఆ పిల్లి పడుకునేది ఆవిడ కాళ్ల దగ్గరే. డాక్టరుగారు ఒడియాలో అడుగుతారు. నాకు ఒడియా అంతంత మాత్రం, అన్నీ పాపే చెబుతుంది. ఈ బిళ్ళ నిజంగా పిల్లి వల్ల వచ్చిందేనా? దాన్ని పంపేయాలా?
– ఒక తల్లి, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బిళ్ళ కోసం, రెండోసారి ఆ చివరి మాట కోసం. అన్నీ పాపే చెబుతుందన్నారు. మరి పిల్లి గీరిన సంగతి డాక్టరుగారికి చెప్పిందా? నాకు అనుమానమే. నానమ్మ గోనెసంచి పట్టుకుని సిద్ధంగా ఉన్న ఇంట్లో, పదకొండేళ్ల పిల్ల తన పిల్లి మీద తానే ఫిర్యాదు చేస్తుందా? ముద్దాయి తరఫు వకీలే దుబాసీ అయింది. ఆమెను తప్పు పట్టకండి. కానీ ఆ ఒక్క మాట చెప్పకపోతే, ఎంత మంచి డాక్టరైనా చంకలో బిళ్ళ చూడగానే ముందు ఆలోచించేది టీబీ గురించే. మన దేశంలో అలా ఆలోచించడం తప్పు కూడా కాదు.

1936లో సరిహద్దు గీసినప్పుడు మీ ఊరు ఒడిశాలోకి వెళ్లింది, మీలాంటి వారి ఇళ్లలో మాట మాత్రం తెలుగుగానే నిలిచింది. నేను పాతపట్నంలో వైద్యం చేసిన ఏళ్లలో రెండు వైపుల వాళ్లనూ చూశాను. బడిలో ఒడియా చదివే పిల్లలే పెద్దవాళ్లకు దుబాసీలు. వాళ్లు జ్వరం చెబుతారు, దగ్గు చెబుతారు, తమకు నష్టం కలిగించేది మాత్రం మింగేస్తారు.

ఇక మీ మొదటి ప్రశ్న. మీరు రాసినదాన్ని బట్టి, ఇది పిల్లి గీరడం వల్ల వచ్చే జబ్బే అయి ఉండడానికి చాలా అవకాశం ఉంది. గీరింది కుడి ముంజేయి, బిళ్ళ కట్టింది కుడి చంక, మధ్యలో పన్నెండు రోజులు. ఈ మూడూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోతున్నాయి. గీరిన మూడు నుంచి పది రోజుల్లో ఆ చోట చిన్న ఎర్రటి పొక్కు లేస్తుంది. దాన్ని అందరూ దోమకాటనుకుంటారు. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో, ఆ దారిలో ఉన్న గ్రంథి ఉబ్బుతుంది. చేతి మీద గీరితే చంకలో, ముఖం మీద గీరితే మెడలో, కాలి మీద గీరితే గజ్జల్లో. ఇంకో చోటు కూడా ఉంది, చాలామంది చూడరు. పాప కుడి చేతిని కాస్త మడిచి పట్టుకుని, మోచేతి లోపలి ఎముకకు కొంచెం పైన మెల్లగా తడిమి చూడండి. అక్కడ శనగగింజంత గడ్డ తగిలిందంటే, ముంజేతి నుంచి ఏదో చంక వైపు ప్రయాణం చేసిందని అర్థం. తగలకపోయినా పరవాలేదు, కానీ తగిలితే డాక్టరుగారికి చూపించండి.

ఈ జబ్బును 1950లో ఫ్రాన్సులో రొబేర్ దెబ్రే అనే పిల్లల వైద్యుడు, తన తోటివారితో కలిసి వర్ణించి రాశాడు. పిల్లి గీరితేనే వస్తుందని తెలుసు, గోటిలో ఉన్నదెవరో మాత్రం తెలియదు. ఆ నేరస్థుడు దొరికి, పేరు పెట్టించుకునే సరికి 1990లు వచ్చాయి. ఇప్పుడు దాన్ని బార్టొనెల్లా హెన్సెలే అంటున్నారు. పిల్లి రక్తంలో ఉండే బాక్టీరియా. పిల్లికి దానివల్ల సాధారణంగా ఏమీ కాదు. తింటుంది, గెంతుతుంది, ఎండలో ఒళ్లు విరుచుకుంటుంది, నెలల తరబడి రక్తంలో ఆ క్రిమిని మోస్తూనే ఉంటుంది. పెద్ద పిల్లుల కంటే ఏడాది లోపు పిల్లిపిల్లల్లో ఇది ఎక్కువ. మీ ఇంటికి వచ్చింది సరిగ్గా ఆ వయసుదే.

అయితే గోటిలోకి అది ఎలా వచ్చింది? ఇక్కడే మీ అత్తగారి గోనెసంచి వాదన వీగిపోతుంది. పిల్లి ఒంటి మీద జీలకర్ర గింజలో సగం కూడా ఉండని, ముదురు గోధుమరంగు పురుగు ఒకటి తిరుగుతుంటుంది. ఫ్లీ అంటారు. చాలామంది దాన్ని పేను అనేస్తారు, కానీ పేను పాకుతుంది, ఇది గెంతుతుంది. వేలితో నొక్కబోతే పక్కనున్న చాప మీద తేలుతుంది. ఇది పిల్లి రక్తం తాగుతుంది. ఆ రక్తంతోపాటు వచ్చిన బార్టొనెల్లా దాని కడుపులో పెరిగి, మలంతో బయటికొచ్చి, మిరియాల పొడిలా పిల్లి బొచ్చులో రాలుతుంది. పిల్లి గోక్కుంటుంది, ఆ పొడి గోళ్ల సందుల్లో చేరుతుంది. ఆ గోరు పాప చేతిని చీరినప్పుడు, నాటు వేసినట్టు లోపలికి దిగుతుంది. 1996లో కాలిఫోర్నియాలో రక్తంలో ఈ క్రిమి ఉన్న పిల్లుల మీది ఫ్లీలను తీసి ఆరోగ్యంగా ఉన్న పిల్లిపిల్లల మీద వదిలి చూశారు. వాటికీ అంటుకుంది. కనక అసలు రవాణా అంతా ఆ పురుగుదే. వెంట్రుక కడుపులోకి పోవడానికీ ఈ బిళ్ళకూ సంబంధం లేదు.

ఈ రోజే ఒక పని చేసి చూడండి. తెల్లటి పాత గుడ్డను తడిపి పిండి నేల మీద పరచండి. పిల్లిని దాని మీద నిలబెట్టి, పేల దువ్వెనతో తోక మొదలు దగ్గర, మెడ చుట్టూ దువ్వండి. నల్లటి నలుసులు రాలతాయి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. ఒక నిమిషం ఆగితే ఆ నలుసు చుట్టూ తుప్పు రంగు మరక చెమ్మలోకి పాకిందనుకోండి, అది అరిగిన రక్తం. పురుగు ఉన్నట్టే. మీ అత్తగారికి కూడా ఆ గుడ్డ చూపించండి. నేను వంద మాటలు రాసినా రాని నమ్మకం ఆ మరక తెస్తుంది.

పిల్లి సంగతి చెప్పడం ఎందుకంత ముఖ్యమో నాకు నా తప్పే నేర్పింది. డాక్టరునైన తొలి ఏళ్లలో పదేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు, దవడ కింద బిళ్ళ. గండమాల అనుకున్నాను, అంటే మెడ గ్రంథులకు వచ్చే టీబీ. బరువు అడిగాను, దగ్గు అడిగాను, ఇంట్లో టీబీ ఎవరికైనా ఉందా అని అడిగాను. మందులకు తగ్గలేదు, ముక్క తీయించి పరీక్షకు పంపాను. సూక్ష్మదర్శినిలో చూసిన పెద్దాయన ఫోను చేసి, వాళ్లింట్లో పిల్లి ఉందా అన్నాడు. నేను అడగలేదన్నాను. అడిగి చెప్పమని ఫోను పెట్టేశాడు. ఉంది. రెండు పిల్లలు కూడా పెట్టింది. ఆ అబ్బాయి దవడ కింద ఒక అంగుళం మచ్చ మిగిలింది. అడిగి ఉంటే ఆ కోత తప్పేదేమో. ఆ తర్వాత బిళ్ళ అని ఎవరు వచ్చినా నా రెండో ప్రశ్న పిల్లి గురించే.

అలాగని టీబీ పరీక్ష వద్దని నేను చెప్పడం లేదు. పిల్లి గీరిన పిల్లకు టీబీ రాకూడదని నియమం లేదు. గ్రంథుల టీబీ ఎక్కువగా మెడలో వస్తుంది, నెలల మీద మెల్లగా పెరుగుతుంది, నొప్పి తక్కువ, బరువు తగ్గుతుంది, రెండు మూడు గడ్డలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాపది వేగంగా వచ్చింది, ఒకే చోట వచ్చింది. ముట్టుకుంటే నొప్పి ఉందా, మీరు రాయలేదు. పిల్లి బిళ్ళకు సాధారణంగా నొప్పి ఉంటుంది. అయినా డాక్టరుగారు సన్నటి సూదితో కొద్దిగా తీసి, టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకు పంపుదామంటే ఒప్పుకోండి. కోత కాదది, సూది గుచ్చడమే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్షలూ మందులూ ఉచితం.

బోదకాలు సంగతి. గంజాం, శ్రీకాకుళం తీరంలో ఆ జబ్బు తరాలుగా ఉంది కాబట్టి బిళ్ళ కట్టి జ్వరం వస్తే పక్కింటావిడకు అదే గుర్తు రావడం సహజం. కానీ అది ఎక్కువగా గజ్జల్లో మొదలవుతుంది. చేతి మీద గీత పడిన పన్నెండు రోజులకు అదే చంకలో కట్టిన బిళ్ళకు ముందుగా దాన్ని అనుమానించను. భయం తీరాలంటే రాత్రిపూట తీసే రక్తపరీక్ష ఉంది.

నిజంగా మరిచిపోకూడని ఇంకో జబ్బు ఎవరూ మీతో అన్నట్టు లేదు. స్క్రబ్ టైఫస్. వానాకాలంలో, ఆ తర్వాతి నెలల్లో గడ్డిలోనూ పొదల్లోనూ ఉండే అతి చిన్న నల్లిజాతి పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. పిల్లితో పని లేదు. ఒడిశాలో ఇది ఉంది, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం ఎక్కువగా ఉండి తలనొప్పి, ఒంటినొప్పులు ఉంటే, పాప ఒళ్లంతా వెలుతురులో చూడండి. చంక మడతలు, గజ్జలు, చెవి వెనక, నడుము దగ్గర లంగా బొందు కట్టే చోటు. సిగరెట్టుతో చురక పెట్టినట్టు నల్లటి పెచ్చుతో పుండు కనబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పిల్లి ఫ్లీల వల్ల కూడా ఇదే కోవకు చెందిన జ్వరాలు వస్తాయి కాబట్టి ఇంట్లో ఫ్లీలు ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి.

చికిత్స గురించి పెద్దగా రాయడానికి లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో పిల్లి బిళ్ళ రెండు నుంచి నాలుగు నెలల్లో దానంతట అదే కరిగిపోతుంది. అజిత్రోమైసిన్ అయిదు రోజులు ఇస్తే బిళ్ళ కొంచెం తొందరగా చిన్నదవుతుందని 1998లో 29 మంది మీద జరిగిన చిన్న పరిశోధన చెప్పింది. ఇవ్వాలా వద్దా అన్నది పాపను చూసిన డాక్టరు నిర్ణయం. దుకాణంలో మీరే అడిగి కొనకండి. బార్టొనెల్లాకు రక్తపరీక్ష ఉంది కానీ చిన్న ఊళ్లలో మామూలుగా దొరకదు, చాలా సందర్భాల్లో కథ సరిగ్గా చెబితే దాని అవసరమూ రాదు. బిళ్ళను పిసకకండి, వేడి గరిటె కాపడం పెట్టకండి, ఎవరైనా కోసి చీము తీస్తామంటే ఒప్పుకోకండి. పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా అందులో చీము పడుతుంది. అప్పుడు కూడా సూదితో లాగేయాలి తప్ప కోయకూడదు. కోస్తే ఆ గాటు నెలల తరబడి మానక కారే ప్రమాదం ఉంది.

ఎప్పుడు పరుగెత్తాలి? కన్ను ఎర్రబడి చెవి ముందు గ్రంథి ఉబ్బినా, చూపు మసకబారినా, తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం, మూర్ఛ వచ్చినా, జ్వరం రెండు వారాలు దాటినా ఆగకూడదు. పిల్లి బాక్టీరియా అరుదుగా కంటి లోపలికి, మెదడుకు, కాలేయానికి వెళుతుంది. గుండె కవాటాల జబ్బు ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, క్యాన్సరు మందులు వాడుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్ల విషయంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన మాట. “పసుపు అద్ది ఊరుకున్నాం.” అమ్మా, కోప్పడుతున్నాననుకోకండి, కానీ ఇలా ఇంకెప్పుడూ చేయకండి. బిళ్ళ గురించి కాదు, రేబీస్ గురించి చెబుతున్నాను. అది బాక్టీరియా కాదు, వైరస్. పిచ్చికుక్క జబ్బని మనం పిలిచేది. పిల్లి ద్వారా కూడా వస్తుంది. వచ్చాక దాదాపు ఎవరూ బతకరు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని పిల్లిపిల్ల రక్తం వచ్చేలా గీరితే, ఆ నిమిషమే కుళాయి కింద చేయి పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, పదిహేను నిమిషాలంటే మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ సేపు. తర్వాత అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించాలి. రక్తం వచ్చిన గాయానికి టీకాతోపాటు గాయం చుట్టూ వేసే మరో ఇంజెక్షను కూడా ఉంటుంది. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు, కట్టు కట్టకూడదు.

మీ అదృష్టం బాగుంది. గీరినప్పటినుంచి పది రోజులు ఆ పిల్లి ఆరోగ్యంగా ఉంటే, గీరిన నాడు దాని ఉమ్మిలో రేబీస్ లేనట్టే లెక్క. మీ పిల్లి దాదాపు మూడు వారాల తర్వాత కూడా అత్తగారి కాళ్ల దగ్గర నిద్రపోతోంది. అయినా డాక్టరుగారికి ఈ సంగతి చెప్పండి, తుది మాట ఆయనది. పాపకు పదేళ్లప్పుడు వేయవలసిన ధనుర్వాతం టీకా పడిందో లేదో కూడా కార్డులో చూసుకోండి.

గీరడం ఒక ఎత్తు, కరవడం ఇంకో ఎత్తు. కిటికీ చువ్వల మధ్య ఇరుక్కున్న పిల్లిని విడిపించబోయి ఒకసారి కరిపించుకున్నాను. ఎడమ చూపుడువేలి మొదట్లో రెండు చుక్కలు, ఆవగింజంతవి. అప్పటికి నా టీకాలన్నీ పూర్తయి ఉన్నాయి, రేబీస్ భయం లేదని ధీమా. కొంచెం కడిగి పెళ్లి భోజనానికి వెళ్లాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసరికి వేలు వంగడం లేదు. తెల్లారేసరికి మణికట్టు దాకా ఎరుపు. పిల్లి పళ్లు సూదుల్లాంటివి, పైన రంధ్రం చిన్నది, లోపల కీలు దాకా దిగబడి క్రిములను అక్కడ వదిలి వస్తాయి. పైచర్మం వెంటనే మూసుకుంటుంది. లోపలివాటికి గది దొరికినట్టే. ఆ క్రిమి పేరు పాశ్చురెల్లా, చాలా పిల్లుల నోట్లో మామూలుగా ఉండేదే. పిల్లి కాట్లలో మూడో వంతు నుంచి సగం దాకా ఇన్‌ఫెక్షన్ అవుతాయి, అదీ తరచు ఒక్క రోజు తిరగకుండా. చేతి మీద పిల్లి కరిస్తే కనక రేపు చూద్దాం అనుకోకండి. దీనికి వాడే మందు వేరు. చర్మం మీది మామూలు పుండ్లకు ఇచ్చే కొన్ని యాంటీబయాటిక్‌లు దీని మీద సరిగ్గా పనిచేయవు. అక్కడ కూడా పిల్లి కరిచిందని చెబితేనే సరైన మందు దొరుకుతుంది.

పిల్లి ఇంట్లో ఉంటే మీ అత్తగారి విషయంలో నేను జాగ్రత్త పడేది ఈ పాశ్చురెల్లా వల్లే. షుగరు ఉన్నవాళ్ల పాదాలకు స్పర్శ తగ్గుతుంది. మడమ పగుళ్లు ఉంటాయి. రాత్రి కాళ్ల దగ్గర పడుకున్న పిల్లి ఆ పగుళ్లను నాకినా, ఆటలో పన్ను దించినా ఆవిడకు తెలియకపోవచ్చు. పడుకునే ముందు పాదాలు కడిగి తుడిచి, పగుళ్లకు వాజిలిన్ రాసి, మేజోళ్లు వేసుకోమనండి. పిల్లికి వేరే గోనెపట్టా వేయండి. ఉదయం పాదాల అడుగుభాగం ఎవరైనా చూడాలి. షుగరు మనిషికి పిల్లి లేకపోయినా ఇది అవసరమే. ఆవిడ ఎంత విసుక్కున్నా ఆ పిల్లి వేరే చోటుకు పోవడం లేదంటే, అది ఆవిడకు కూడా ఎక్కడో ఇష్టమేనని నా ఊహ. ఆవిడతో మాత్రం నేనన్నానని చెప్పకండి.

పంపేయాలా అన్నారు కదా. అవసరం లేదు. పాపకు సోకవలసింది ఇప్పటికే సోకింది, పిల్లిని పంపితే బిళ్ళ కరగదు. రాలిన ఫ్లీ గుడ్లు, పిల్లపురుగులు మీ చాపల్లో, మంచం కింద దుమ్ములో ఉన్నాయి, అవి గోనెసంచిలో పట్టవు. ఆహారం, నీళ్లు దొరక్క మాడిపోయేలా జంతువును వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

పంపించవలసింది పురుగును. పిల్లిని బుట్టలో పెట్టి పశువైద్యశాలకు తీసుకెళ్లండి. మెడ వెనక వేసే చుక్కలమందు ఉంటుంది, వయసూ బరువూ చూసి వాళ్లే ఇస్తారు. అదే రోజు రేబీస్ టీకా గురించి అడగండి, మూడు నెలలు నిండిన పిల్లిపిల్లకు వేస్తారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఆవుల గోమార్లకు వాడే మందు, కుక్కల చుక్కలమందు, ఫినాయిల్, కలరా ఉండలు, ఇవేవీ పిల్లి మీద, దాని పక్క మీద వాడకండి. కొన్ని కుక్కలమందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లిని చంపేయగలదు. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది, మీరు రాసిందంతా దాని కడుపులోకే పోతుంది. చాపలు, బొంతలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి, మంచం కింద, గోడ వార రోజూ ఊడ్చి ఆ చెత్తను బయట కాల్చేయండి. పట్టుపురుగులా గూడు కట్టుకుని దాక్కున్న ఫ్లీలు వారాల తర్వాత కూడా బయటికొస్తాయి కాబట్టి ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం లేదు. ఆరోగ్యంగా తిరిగే పిల్లికి బార్టొనెల్లా కోసం యాంటీబయాటిక్‌లు ఇప్పించనక్కర లేదు. గోళ్ల కొనలు కత్తిరించడం వాళ్లు చూపిస్తారు. చేతివేళ్లతో పిల్లిని ఆడించడం మానిపించండి, తాడుకు గుడ్డముక్క కట్టి ఇవ్వండి.

తిండి దగ్గర ఒక్క మాట. కోడిమాంసం దుకాణంలో ఇచ్చే పచ్చి పేగులు, చేపతలలు అలాగే వేసేవాళ్లున్నారు. పచ్చిమాంసంలోని సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ పిల్లి మలం ద్వారా పిల్లల చేతికి, అక్కడినుంచి నోటికి వస్తాయి. విరేచనాలు, జ్వరం. ఉడికించి పెట్టండి. పిల్లి ఊకలోనో ఇసుకలోనో వెళితే రోజూ తీసేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇక మిగిలింది దుబాసీ సంగతి. ఈ రాత్రి అత్తగారి ఎదుటే పాపకు చెప్పండి, పిల్లి ఇక్కడే ఉంటుందని. ఆ హామీ ఇచ్చాక, ఆసుపత్రిలో పిల్లి గురించి చెప్పావా అని అడగండి. తర్వాత ఒక చీటీ రాయించండి, ఒడియాలో, పాప చేతే. బిలెయి రాంపుడి దెలా, అంటే పిల్లి గీరింది. కింద గీరిన తేదీ, ఏ చేయి, బిళ్ళ కనబడిన తేదీ, ఏ మందు ఎన్ని రోజులు వాడారో, ఇంట్లో ఫ్లీలు ఉన్నాయో లేదో, గీరాక ఎన్ని రోజులుగా పిల్లి ఆరోగ్యంగా ఉందో. అయిదు రోజుల మందులు అయిపోయాయి కాబట్టి రేపే వెళ్లండి. డాక్టరుగారు మొదటి ప్రశ్న అడగకముందే ఆ చీటీ ఆయన బల్ల మీద పెట్టండి.